రెండో పూత

మా అపార్ట్‌మెంటు మూడో అంతస్తులో ఒక అమ్మాయి ఉంటుంది. కంప్యూటరు ఉద్యోగం, పని అంతా ఇంట్లోంచే. నేరేడ్‌మెట్‌లో మా వీధి కుక్కలన్నిటికీ ఆ అమ్మాయే దిక్కు. మొన్న పొద్దున్న నేను పాలపాకెట్ల కోసం కిందికి దిగేసరికి, ఒళ్ళంతా గజ్జి పట్టి బొచ్చు రాలిపోయిన కుక్క ఒకటి గేటు పక్కన నిలబడి వణుకుతోంది. ఆ అమ్మాయి దాని ముందు గొంతుక్కూర్చుని ఉంది.

"ఆంటీ, జెర ఈ డబ్బా పట్టుకుంటరా" అంది.

పట్టుకున్నాను. డబ్బాలో ఉడకబెట్టిన కోడి ముక్కలు. ఒక ముక్కని గోటితో చీల్చి, మధ్యలో ఒక మాత్ర పెట్టి కుక్క నోటికి అందించింది. కుక్క నమలకుండానే మింగేసింది.

"అయిపోయింది ఆంటీ. ఒక్క టాబ్లెట్. నెలకి ఇంకొకటి ఇస్తా. బొచ్చు మొత్తం వచ్చేస్తది చూడండి."

"అంతేనా?" అన్నాను.

"అంతే. కాకపోతే వెనక గల్లీ మెకానిక్ కాలిన ఇంజన్ ఆయిల్ రాస్తా అంటున్నడు, అదే పరేషాన్. అది పాయిజన్ కదా ఆంటీ. కుక్క ఊరుకోదు, నాకుతది. లోపల మొత్తం ఖరాబ్ అయిపోతది."

నేను డబ్బా ఆమె చేతికిచ్చి పైకి వచ్చేశాను. పాలు గట్టు మీద పడేసి మంచం మీద కూర్చున్నాను. అరవై దాటిన ఆడది ఒక మాత్రని చూసి ఏడ్చిందంటే ఎవరైనా నవ్వుతారు. నవ్వితే నవ్వనీ, ఏడ్చాను. ఈ సంగతి ఇంతవరకూ నేను ఎవరికీ చెప్పలేదు. చెప్పవలసిన మనిషికి చెప్పలేదు కాబట్టి ఇంకెవరికి చెప్పీ లాభం లేదనుకున్నాను. ఇప్పుడు రాస్తున్నది కూడా లాభం ఉంటుందని కాదు.

మెట్టుగూడ రైల్వే క్వార్టర్లలో చివరి లైను మాది. ఒకే పొడుగాటి గోడని పంచుకున్న రెండేసి గదుల ఇళ్ళు. ముందు అరుగు, వెనక పంపు, పంపు దాటితే ప్రహరీ, ప్రహరీ దాటితే పట్టాలు. అమ్మ ఆరేసిన తెల్లచీర సాయంత్రానికి బూడిదరంగుకి వచ్చేది. ఇప్పుడు ఆ లైను లేదు. అరుగులు కూడా లేవు. అక్కడ వాహనాలు నిలుపుకుంటున్నారు.

మా నాన్న లోకో షెడ్డులో ఫిట్టరు. శ్రీకాకుళం వైపు పల్లె నుంచి ఉద్యోగానికని ఇంత దూరం వచ్చినవాడు. ఆయన ఒంటి మీద ఎప్పుడూ నూనె వాసనే. పండగనాడు సున్నిపిండి పెట్టి రుద్దినా వదిలేది కాదు. అరచేతి గీతల్లో, గోళ్ళ చుట్టూ నలుపు ఇంకిపోయి ఉండేది. పెరుగన్నం కలుపుకుంటుంటే తెల్లటి మెతుకుల్లో ఆ వేళ్ళు చూసి నేను ముఖం చిట్లించేదాన్ని. అమ్మ నా తల మీద ఒక్కటిచ్చి, ఆ వేళ్ళే నీకు అన్నం పెడుతున్నాయనేది.

ఆదివారం పొద్దున్నే మా అరుగు మీద పంపు స్టవ్వులు బారులు తీరేవి. వాటితోపాటు కాలు విరిగిన కుర్చీ, మూత బిగుసుకుపోయిన టిఫిను క్యారియరు, కూత పెట్టని కుక్కరు. నాన్న లుంగీ పైకి దోపుకుని, బీడీ ఆర్పి చెవి మీద పెట్టుకుని, ఒక్కొక్కదాన్నీ విప్పేవాడు. స్టవ్వు బాగై నీలం మంట భుగ్గుమని లేచినప్పుడు చుట్టూ ఉన్న ఆడవాళ్ళు హమ్మయ్య అనేవారు. అప్పుడు ఆయన ముఖం చూడాలి. బదులుగా మా ఇంటికి గిన్నెలు వచ్చేవి. ఒకరింటి నుంచి పులిహోర, ఒకరింటి నుంచి బెల్లం గారెలు. పక్క క్వార్టరు అవ్వ ఇంటి నుంచి మాత్రం సర్వపిండి. అడుగున మాడి కరకరలాడే ఆ పిండిలో నువ్వుల వాసన, వెల్లుల్లి వాసన ఇప్పటికీ నాకు ఎక్కడైనా తగిలితే నడుస్తున్నదాన్ని ఆగిపోతాను.

నాన్నకి ఒక పిచ్చి ఉండేది. షెడ్డు నుంచి డాల్డా డబ్బాలో కాలిన నూనె తెచ్చేవాడు. ఇంజన్లోంచి తీసి పారేసిన నూనె, నల్లగా, చిక్కగా. తలుపు బందులు కిర్రుమంటే అదే, సైకిలు గొలుసుకి అదే, వాసానికి చెదలు పడితే అదే, వంటింట్లో చీమలు బారు కడితే గడప వెంబడి అదే. వేసవికి ఊరి నుంచి మా మామ్మ వచ్చి మోకాళ్ళ నొప్పులంటే ఆ మోకాళ్ళకి కూడా రాసేవాడే, ఆవిడ చేతికర్ర ఎత్తకపోతే.

"నా కాళ్ళకేటి తుప్పట్టిందేట్రా" అనేది మామ్మ, కాళ్ళు చీరలోకి ముడుచుకుంటూ. "ఇంజన్ని సూసినట్టు సూత్తన్నాడు కన్నతల్లిని."

ఎర్రది అని పిలిచే వీధికుక్క మాది కాదు. అలాగని ఎవరిదీ కాదు. మా గుమ్మానికీ అవ్వ గుమ్మానికీ మధ్య కాలవ మీద పరిచిన బండ ఉండేది, దాని మీద పడుకునేది. అవ్వకి భర్త పోయాడు. కొడుకు గూడ్సు బండ్ల మీద డ్యూటీ, వారంలో నాలుగు రోజులు ఇంట్లో ఉండడు. ఆమె జొన్నరొట్టె చేసుకుంటే మొదటి రొట్టె విరిచి పప్పు నీళ్ళలో నానబెట్టి ఎర్రదానికి పెట్టాకే తాను తినేది. సాయంత్రాలు గుమ్మంలో కూర్చుని దానితోనే మాట్లాడేది. బియ్యంలో రాళ్ళు ఎక్కువున్నాయనీ, కొడుకు ఉత్తరం ముక్క రాయడనీ. అది చెవులు నిక్కించి వినేది.

నాకూ దానితో స్నేహమే, కానీ నా స్నేహం వేరు. మామ్మ ఊరి నుంచి తెచ్చిన తాటి తాండ్ర చాప మీద ఎండబెడితే నేను అంచులు కొరుక్కు తిని, కుక్క వచ్చి పోయిందని చెప్పేదాన్ని. ఒకసారి మామ్మ దాన్ని కర్రతో కొట్టింది కూడా. అది కుయ్యిమని నా వెనకే వచ్చి దాక్కుంది. నాకు సిగ్గు వేయలేదు. ముక్క పెడితే సరిపోతుందనుకున్నాను. పెట్టాను, తింది.

నాకు పదేళ్ళప్పుడు, ఎండాకాలం మొదట్లో దాని చెవుల వెనక బొచ్చు ఊడింది. తర్వాత మోచేతులు, పొట్ట, తోక. చర్మం మందంగా, ముడతలు పడి, గోకి గోకి నెత్తురు చిమ్మేది. కాలివేళ్ళ సందుల్లో చీము పట్టింది. రాత్రంతా బండకేసి రుద్దుకుంటూ మూలిగేది. దగ్గరికి వెళితే పులిసిన గుడ్డ వాసన. లైన్లో వాళ్ళకి భయం పట్టుకుంది. పిల్లలు తిరిగే చోటు, ఆదివారం దాకా చూస్తాం, ఆపైన కుక్కల బండి వాళ్ళకి చెప్పేస్తాం అన్నారు. ఆ బండి ఎక్కిన కుక్క తిరిగి రావడం మేం ఎవరం చూడలేదు.

ఆ ఆదివారం స్టవ్వుల బారు చివర అవ్వ నిలబడింది. చేతిలో స్టవ్వు లేదు. పాత చీర పీలిక, దాని కొసన ఎర్రది.

"కొడుకా, గందరివి బాగ జేస్తవు. దీన్ని సుత జెర చూడరాదు" అంది.

నాన్న నవ్వాడు. "ఇదేటి స్టవ్వేటమ్మా?"

"నవ్వకు కొడుకా. దీని తక్లీఫ్ నాతోని చూడనైతలేదు. బొల్లారం దిక్కు పసులకు దవాఖాన ఉన్నదంటరు. బస్సుల ఎక్కనియ్యరు, నడిపించుకపోదమంటే దానికి కాళ్ళల్ల సత్తువ లేదు. నీ చేతిల గుణమున్నది. నువ్వు ముట్టుకున్నదేదీ ఖరాబ్ కాలే."

ఆ చివరి మాట లేకపోతే ఆయన సైకిలు మీద బొల్లారం తీసుకెళ్ళేవాడేమో. ఏమో. ఆ మాట విన్నాక ఆయన నవ్వు ఆపేసి, ఎర్రదాని చెవి పట్టుకుని వెనక్కి మడిచి చూశాడు, స్టవ్వు బర్నరు చూసినంత శ్రద్ధగా.

మర్నాడు షెడ్డులో పెద్ద ఫిట్టరుని అడిగి వచ్చాడు. కాలిన నూనెలో గంధకం పొడి కలిపి ఒంటి నిండా పూయాలట. మూడు రోజులాగి రెండో పూత. షెడ్డు కుక్కలకి అలాగే చేస్తారట. "ఒక్కటే గండం" అన్నాడు నాన్న, అమ్మతోనో నాతోనో. "అది నాక్కూడదు. కడుపులోకెళ్తే ఇసం. నాకిందంటే సబ్బెట్టి మొత్తం కడిగీసి, రెండో పూత మానీయాల. ఆరీదాకా ఎవులైనా కాపలా ఉండాల."

"నేనుంటాను" అన్నాను. సెలవులు. నాకు పనేముంది.

ఆ మర్నాడు పొద్దున్న డ్యూటీకి వెళ్ళేముందు నాన్న పూత పూశాడు. పుల్లతో కలుపుతుంటే గంధకం వాసన, నూనె వాసన కలిసి ముక్కులు మండాయి. అవ్వ ఎర్రదాని తల ఒళ్ళో పెట్టుకుని "అయిపాయె బిడ్డా, గింతనే, గింతనే" అంటోంది. నాన్న షెడ్డులో చేతులు తుడుచుకునే నూలు పోగుల ఉండ నూనెలో ముంచి, మెడ నుంచి తోక దాకా, వేళ్ళ సందుల్లోకి కూడా పెట్టి రాశాడు. మరీ నొక్కకుండా రాశాడు. ఆ చేతులు అంత మెత్తగా కదలడం నేను అంతకుముందు చూడలేదు. చివరికి అవ్వ చీర పీలికతో మూతి కట్టారు. ఎర్రది నల్లదైపోయింది. పిల్లలు విరగబడి నవ్వారు.

"ఆరీదాకా కదలకు తల్లీ. నాకితే సెప్పాల. నాకితే తప్పు నీది కాదు, దానికి తెలీదు కదా. నాకు సెప్తే సాలు" అన్నాడు నాన్న. షెడ్డు కూత వినపడగానే సైకిలెక్కి వెళ్ళిపోయాడు.

ఇంతకంటే తేలిక చేసి ఏ తండ్రి చెప్పగలడు? తప్పు నీది కాదు, చెబితే చాలు అన్నాడు.

ఆ రోజే మా ఇంట్లో ఆవకాయ. మోండా మార్కెట్ నుంచి తెచ్చిన కాయలు ముందురోజే కొట్టి తుడిచి పెట్టారు. మామ్మ తలారా స్నానం చేసి మడిచీరతో వంటింట్లో కూర్చుంది. గజ్జి కుక్క గాలి కూడా సోకకూడదని మమ్మల్నిద్దర్నీ వెనక పంపు దగ్గరికి తరిమేసింది. ప్రహరీ నీడలో నేను, నూనె కారుతున్న ఎర్రది. ఆవపిండి ఘాటు గోడ దాటి వస్తోంది.

ఎండ ఎక్కింది. నీడ జరిగింది. ఎర్రది ఎగశ్వాస పడుతోంది. కుక్కకి చెమట నాలుక మీదనే అంటారు, మరి మూతి కట్టేస్తే నాలుక ఎక్కడ చాపుతుంది? కళ్ళు పెద్దవి చేసి నావైపే చూస్తోంది. నాకు జాలేసింది. పీలిక విప్పాను. అది నాలుక చాపి గస పెట్టింది, తర్వాత నా పాదం వాసన చూసింది. తిరిగి తన ఒంటివైపు మూతి తిప్పితే నేను "ఊఁ" అనేదాన్ని, మానేసేది. నాకేం భయం వేయలేదు. నేనున్నాను కదా అనుకున్నాను.

అప్పుడు మామ్మ పిలిచింది.

ఆవకాయ కలిపిన ఇంట్లో పెరిగినవాళ్ళకి ఆ పిలుపు ఏమిటో నేను చెప్పక్కర్లేదు. కలిపిన ఆవకాయ జాడీకి ఎత్తేశాక బేసిను అంచుల్ని పట్టుకుని మిగిలే కారం, నూనె, ఆవపిండి. అందులో వేడన్నం కుమ్మరించి, నెయ్యి వేసి, మామ్మ తన చేత్తో కలిపి ముద్దలు పెడుతుంది. ఏడాదికి ఒక్కసారి. బేసిను అయిపోతే మళ్ళీ వచ్చే ఏడే.

"బేగి రాయే గుంటా, సల్లారిపోతంది" అంది మామ్మ.

ఒక్క ముద్ద తిని వచ్చేద్దామనుకున్నాను. మూతి మళ్ళీ కట్టి వెళ్ళవచ్చు. కట్టలేదు. కట్టడానికి పట్టే సేపట్లో ముద్ద ఇంకెవరికో పోతుందనుకున్నాను. ఇంకెవరున్నారని? అమ్మ, మామ్మ, నేను. ఒక ముద్ద తిన్నాను. కళ్ళలో నీళ్ళు వచ్చాయి. రెండోది తిన్నాను. మూడోది చిన్నది, అది కూడా తిని, బేసిను అంచు వేలితో తుడిచి నాకాను. మంచినీళ్ళు తాగాను. అప్పుడు గుర్తొచ్చింది.

పరిగెత్తి వెళ్ళేసరికి ఎర్రది ప్రహరీకి ఆనుకుని, తీరుబడిగా, పిల్లని కడిగే తల్లిలా తన పొట్టని నాకుకుంటోంది. డొక్క మీద, తొడల మీద చర్మం గులాబి రంగుకి వచ్చేసింది. నన్ను చూసి తోక ఊపింది. నాలుక నల్లగా ఉంది.

నేను నా లంగా కొసతో దాని నాలుక తుడిచాను. పంపు కొట్టి దోసిట్లో నీళ్ళు పట్టాను, అది నా చేతులు నాకింది కాని తాగలేదు. తర్వాత చేసిన పని రాయడానికి నాకు చెయ్యి రావడం లేదు. అరుగు కింద డాల్డా డబ్బా ఉంది. మిగిలిన నూనెలో నూలు ఉండ ముంచి, గులాబి రంగు తేలిన చోటల్లా మళ్ళీ నల్లగా పూసేశాను. మూతి కట్టాను. లంగా ఉతికేశాను.

సాయంత్రం నాన్న సైకిలు దిగీ దిగకుండానే అడిగాడు. "నాకిందేటి తల్లీ?"

"లేదు నాన్నా."

"ఒక్కపాలి కూడా?"

"ఒక్కసారి కూడా లేదు."

ఆయన ఎర్రదాని చుట్టూ తిరిగి చూశాడు. పూత ఎక్కడా చెదరలేదు. నన్ను ఎత్తుకున్నాడు. పదేళ్ళ పిల్లని, చింకి చొక్కాకి ఆనించుకుని ఎత్తుకున్నాడు. "పొద్దుట్నించి ఎండలో కూకున్నాది నా తల్లి, కదల్లేదు" అని అరుగు అరుగుకీ చెప్పాడు. అవ్వ నా గడ్డం పట్టుకుని వేళ్ళు మెటికలు విరిచింది. ఆ రాత్రి నాకోసమని సర్వపిండి చేసి తెచ్చింది. నేను మొత్తం తిన్నాను.

మొదటి రెండు రోజులు అందరం మురిసిపోయాం. గోకుడు ఆగిపోయింది. రాత్రి మూలుగు లేదు. అవ్వ గుమ్మంలో కూర్చుని వచ్చేపోయేవాళ్ళని ఆపి చూపించింది. "సూడుండ్రి, ఎట్ల మంచిగ పండుకున్నదో. ఎన్ని దినాలాయె దీనికి నిద్రబట్టక" అంది. కుక్కల బండి మాట ఎవరూ ఎత్తలేదు. నేను కూడా నమ్మేశాను. నాకినా ఏమీ కాలేదు, నాన్న ఊరికే భయపెట్టాడు అనుకున్నాను.

మూడో రోజు అది రొట్టె ముట్టలేదు. మూతి నుంచి చొంగ కారుతోంది. కాళ్ళ మీద లేస్తే వెనక భాగం పక్కకి పోతోంది. నాన్న సాయంత్రం వచ్చి చూశాడు. డబ్బా పక్కన పెట్టుకుని గొంతుక్కూర్చున్నాడు. తర్వాత నన్ను పిలిచాడు.

"సూడమ్మా. నిజిం సెప్పు, నేనేటీ అనను. ఆ వేళ నాకలేదు కదా?"

ఆయన నన్నెప్పుడూ కొట్టలేదు. దెబ్బకి భయపడి అబద్ధం చెప్పానని చెప్పుకోవడానికి కూడా నాకు లేదు. అరుగు అరుగుకీ చెప్పాడే, నా తల్లి కదల్లేదని, ఆ మాట పోతుందని భయం. మూడు రోజులుగా లైన్లో అందరూ నన్ను చూసి నవ్వుతున్నారు. ఆ నవ్వు నాకు కావాలి. నా గొంతు ఏమాత్రం వణకలేదు. ఇప్పుడు తలుచుకుంటే అదే ఎక్కువ భయం వేస్తుంది.

"లేదు నాన్నా. నేను చూస్తూనే ఉన్నా కదా."

"అలగైతే వడ దెబ్బే ఇది" అన్నాడు నాన్న, అవ్వవైపు తిరిగి. "మందు పట్టింది కదమ్మా, గోకుడు తగ్గింది. రెండో పూత పడితే లేచి కూకుంటాది."

"నీకు తెలుసు కొడుకా" అంది అవ్వ.

రెండో పూత పూశాడు. ఈసారి మూతి కట్టే అవసరం కూడా రాలేదు. దానికి తల తిప్పే ఓపిక లేదు.

మర్నాడు మధ్యాహ్నం అది పోయింది. ఆ రోజు నాన్నకి సెలవు. పొద్దున్నించీ ఫిట్సు వచ్చినట్టు కొట్టుకుంది. నాన్న సబ్బు తెచ్చి, కుండల కొద్దీ నీళ్ళు పోసి కడిగాడు. నీళ్ళు నల్లగా కాలవలోకి పోతూనే ఉన్నాయి. అవ్వ దాని తల ఒళ్ళో పెట్టుకుని, ఇదివరకులా మాటలేమీ చెప్పకుండా కూర్చుంది. నోట్లోంచి నురగ వస్తుంటే నాన్న కొత్త నూలు ఉండతో తుడిచాడు. ఉండ నల్లగా వచ్చింది. ఆయన దాని వైపు చూశాడు. తర్వాత తలెత్తి నా వైపు చూశాడు. నేను గుమ్మం పట్టుకుని నిలబడ్డాను. ఆ చూపుతో నా సంగతి ఆయనకి తెలిసిపోయిందనుకున్నాను.

ఆయన మళ్ళీ నీళ్ళు పోయడంలో పడ్డాడు. ఎర్రది కదలడం మానేశాక, అవ్వ వినేలాగ, లైన్లో గుమిగూడినవాళ్ళు వినేలాగ అన్నాడు. "నా సెయ్యే, అమ్మా. నానే ఎక్కువ రాసీసినాను. సంపీసినాను దీన్ని."

అవ్వ దాని తల ఒళ్ళోంచి కిందికి దించింది. "నిన్ను నమ్మి ఇచ్చిన కొడుకా" అంది. కోపంగా అనలేదు. లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది.

ప్రహరీ వెనక పట్టాల పక్కన నాన్న ఒక్కడే గొయ్యి తవ్వాడు. నేను వెంట వెళ్ళలేదు. ఆ రాత్రి అన్నంలో కొత్త ఆవకాయ వేశారు. మామ్మ ఎన్ని తిట్లు తిట్టినా నేను కంచం ముట్టలేదు. కుక్క మీద బెంగ అనుకున్నారు. అందరూ జాలిపడ్డారు.

ఆ తర్వాత ఆదివారం ఒక స్టవ్వు వచ్చింది. నాన్న అరుగు మీదికి రాలేదు. బజార్లో చేయించుకోండమ్మా అని లోపల్నించే చెప్పించాడు. ఆ పైవారం కూడా అంతే. మెల్లగా రావడం మానేశారు. గిన్నెలూ ఆగిపోయాయి. అవ్వ ఎదురుపడితే నాన్న తల దించుకునేవాడు. ఆమె మాట్లాడేదే, వాన వచ్చేలా ఉందనో, పంపులో నీళ్ళు రావడం లేదనో. కొడుకా అనడం మాత్రం మానేసింది. ఏడాది తిరక్కుండానే కొడుక్కి బదిలీ అయి వెళ్ళిపోయింది. వెళ్ళేటప్పుడు నా నెత్తి మీద చెయ్యి పెట్టి, నువ్వు మంచిగ చూస్కున్నవు బిడ్డా, నీ తప్పేమి లేదు అంది. ఆ చెయ్యి బరువు దిగలేదు నాకు.

నాన్న షెడ్డులో పని మానలేదు, ఇంజన్లు ఆయన చేతిలో నడుస్తూనే ఉన్నాయి. ఇంట్లో మాత్రం కొళాయి కారుతుంటే కారనిచ్చేవాడు. ఎందుకని అడిగితే ఓపిక లేదనేవాడు. నాకు తెలుసనుకునేదాన్ని. నా తప్పు తన మీద వేసుకున్నాడు, అవ్వ ముందు నన్ను కాపాడాడు, అందుకే అలా ముడుచుకుపోయాడు అనుకున్నాను. ఏళ్ళ తరబడి నేను బతికింది ఆ నమ్మకం మీదే. మా నాన్నకి తెలుసు. తెలిసి క్షమించాడు. క్షమించినవాడితో మళ్ళీ ఆ మాట ఎత్తి ఏం లాభం? పెళ్ళైంది, పిల్లలు పుట్టారు, ఎత్తలేదు. పైగా ఆయన మంచితనం తలుచుకుని లోలోపల గర్వపడేదాన్ని కూడా. ఇంత సిగ్గులేని గర్వం ఇంకొకటి ఉండదు.

చివరి రోజుల్లో నాన్న మా ఇంట్లోనే ఉన్నాడు. కళ్ళు మసకబారాయి గానీ మాట స్పష్టంగానే ఉండేది. ఒక మధ్యాహ్నం కుక్కరు పిడి ఊడి వచ్చింది. ఆయనకి కాలక్షేపంగా ఉంటుందని స్క్రూ, పిడి, స్క్రూడ్రైవరు తెచ్చి ఒళ్ళో పెట్టాను. కాస్త బిగించు నాన్నా అన్నాను. ఆయన వాటిని తడిమి చూసి పక్కన పెట్టేశాడు.

"నాకొద్దమ్మా. నా సెయ్యి మంచిది కాదు."

"ఎవరన్నారు?"

"ఎవులనాల? ఆ కుక్కని సంపీసినాను కదా."

నా చేతిలో కుక్కరు గిన్నె అలాగే ఉండిపోయింది. ఆయన చెప్పుకుపోతున్నాడు, ఎన్నేళ్ళుగానో రోజూ వేసుకున్న లెక్క మళ్ళీ వేస్తున్నట్టు. "గంధకం ఎక్కువైందేటో. నూనె బాగా కాలిందేటో. ఎంత ఆలోసించినా నాకు తెగలేదు తల్లీ. నాకితే సస్తాదన్నారు. నాకలేదు కదా. పొద్దుట్నించి నువ్వు కాపలా ఉన్నావు. నాకకుండానే సచ్చిందంటే మరి నా సేతిలోనే ఏదో ఉన్నాది. ఆ ముసలమ్మకి ఉన్నది అదొక్కటే."

ఆయనకి తెలియదు. ఆ రోజు నా వైపు చూసిన చూపులో ఏమీ లేదు. ఆ నూలు ఉండ నల్లగా వచ్చిందంటే, ఆయన చేతులే నల్లవి, అది ఎక్కడి నలుపో ఆయనకెలా తెలుస్తుంది? తలెత్తితే ఎదురుగా కూతురు కనపడింది, చూశాడు. అంతే. క్షమించడమూ లేదు, కాపాడటమూ లేదు. నా మాట నమ్మాడు. నమ్మి, ఆ మాట చుట్టూ తన బతుకంతా తిరిగి, దోషం తన చేతుల్లోనే ఉందని తేల్చుకున్నాడు.

చెప్పెయ్యడానికి అంతకంటే మంచి సమయం ఉండదు. ఒక్క మాట. నాకింది నాన్నా. నేను ముద్దలు తినడానికి వెళ్ళాను. ఆ మాట గొంతు దాకా వచ్చింది. నిజంగా వచ్చింది. గిన్నె కింద పెట్టి ఆయన పక్కన కూర్చున్నాను కూడా.

ఆయన మసక కళ్ళు నా వైపు తిప్పి, నా చెయ్యి కోసం తడిమి పట్టుకున్నాడు. "నాకలేదు కదా తల్లీ?" అన్నాడు.

ఆ గొంతులో అనుమానం లేదు. ఈ లోకంలో తనకి ఖాయంగా తెలిసినది ఇంకొక్కసారి వినాలని అడిగినట్టు అడిగాడు. కూతురు మంచిదన్న ఒక్క సంగతే మిగిలి ఉంది ఆయనకి. దాన్ని కూడా ఎలా తీసెయ్యను అని ఆ క్షణంలో నాకు నేను చెప్పుకున్నాను. అది కూడా అబద్ధమే. పదేళ్ళప్పుడు దేనికి భయపడ్డానో అప్పుడూ దానికే భయపడ్డాను.

"లేదు నాన్నా" అన్నాను.

ఆయన తల ఊపాడు. తన చేతులు రెండూ వెలుగులోకి ఎత్తి, తిప్పి తిప్పి చూసుకున్నాడు. ఆ వారంలోనే పోయాడు.